తిరుపతిలో ఇంటింటికీ వచ్చి జ్వరం లెక్కలు రాసుకుపోతారు కదా, అవి ఏమవుతాయి?

కొర్లగుంట_నాన్న

అందరికీ నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట దగ్గర అద్దె ఇల్లు. ఒక సంగతి ఎంత ఆలోచించినా అర్థం కాక ఇక్కడ అడగతా ఉండాను, తెలిసినోళ్ళు కొంచెం ఓపిగ్గా చెప్పండి.

పోయిన నెల మావాడికి జ్వరం వచ్చింది, ఎనిమిదేళ్ళు వాడికి. రెండు రోజులు ఇంట్లోనే సిరప్ పోసినాం, మూడో రోజుకి 103 దాటింది, కళ్ళ వెనక నొప్పి అంటాడు, అన్నం పెడితే మొహం తిప్పేసుకుంటాడు, ఇంక భయమేసి దగ్గర్లో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి ఎత్తుకుపోయినాం. కిట్ పెట్టి చూసి డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు 62 వేలకి దిగినాయి, ఆ రాత్రి నేనూ మా ఆవిడా కన్ను మూయలా. తర్వాత మెల్లగా ఎక్కినాయి, దేవుడి దయవల్ల ఇప్పుడు స్కూలుకి పోతా ఉండాడు.

నా బాధ వేరే. డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చిన మూడో రోజు పీలేరు నుంచి మాయమ్మ ఫోన్ చేసింది. "ఒరే, ఎవరో వచ్చినార్రా, మీ ఇంట్లో డెంగీ కేసు ఉందంట కదా అని తొట్లు, డ్రమ్ములు అన్నీ తొంగి చూసి ఇంటి చుట్టూ మందు కొట్టిపోయినారు, ఎవరికిరా జొరం" అని. మావాడు పీలేరు మొహం చూసి నాలుగు నెలలయింది! ఇక్కడ మా సందులో మాత్రం ఒక్క మనిషి తొంగి చూడలా. ఆ తర్వాత పది పన్నెండు రోజులకి ఎదురింటి పాపకి, మూలింట్లో అన్నదమ్ములిద్దరికీ అదే జ్వరం.

మా వార్డు ఏఎన్ఎం మేడమ్ వస్తానే ఉంటుంది, ఫోన్ పట్టుకుని ఎంతమంది ఉండారు, జ్వరం ఉందా అని అడిగి పోతుంది. నిజం చెప్పాలంటే మావాడికి ఒళ్ళు వెచ్చబడిన రోజు కూడా ఆమె వచ్చింది, మా ఆవిడ పొయ్యి మీద పనిలో ఉండి "ఎవరికీ లేదు మేడమ్" అని పంపించేసింది. అది తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రిలో తేలిన కేసు కూడా మా వీధికి ఎందుకు రాలేదు? ఈ లెక్కలన్నీ ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు? పేపర్లో వచ్చే డెంగీ లెక్కకీ, మాకు తెలిసిన కేసులకీ పొంతన ఎందుకు ఉండదు?

ఏఎన్ఎం_అక్క

తమ్ముడూ, బిడ్డ బయటపడినాడు, ముందు అది చాలు. నేను తిరుపతిలోనే ఏఎన్ఎంగా పద్నాలుగేళ్ళుగా చేస్తా ఉండాను, మీ వార్డు కాదు గానీ అందరిదీ ఒకటే పని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మేం గుమ్మంలో నిలబడి అడిగేది మూడే ముక్కలు. ఇంట్లో ఎంతమంది, ఎవరికన్నా జ్వరం గానీ విరేచనాలు గానీ ఉన్నాయా, ఉంటే ఏ రోజు మొదలయింది. అప్పటికి రక్తపరీక్ష లేదు, డాక్టర్ చూసింది లేదు, ఒట్టి అనుమానం కేసు. దాన్ని ఎస్ ఫారం అంటాం. నేను చేరిన కొత్తల్లో కాగితం మీద సోమవారం నుంచి ఆదివారం దాకా వారం లెక్క రాసి పంపేవాళ్ళం, ఇప్పుడు ఏ రోజుది ఆ రోజే ఫోన్లో ఎక్కించాలి. ఒక్కింట్లో ఒక జ్వరం అంటే దానికి పెద్ద అర్థం ఉండదు, వానలో తడిసినా వస్తుంది. అదే ఒక సందులో మూడు రోజుల్లో ఐదిళ్ళు అయితే మా మెడికల్ ఆఫీసర్ ఆ సందుకే బయల్దేరతారు. అంటే ఆ ఐదిళ్ళలో ముగ్గురు "ఎవరికీ లేదు" అని తలుపేసుకుంటే మాకు కనపడేది రెండిళ్ళే, రెండిళ్ళకి ఎవరూ కదలరు. మీ ఆవిడని తప్పు పట్టడంలా, పొయ్యి మీద కూర మాడతా ఉంటే నేనైనా అదే అంటానేమో. కానీ ఆ రోజు మీ ఇంటి ఎదురుగా సున్నా పడింది, అది నిజం సున్నా అనుకునే పైన ప్లాన్ వేసుకుంటారు.

పీలేరు సంగతి చదవతానే నాకు ఒకటి తోచింది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఆధార్ ఇచ్చినారా? దాంట్లో ఏ అడ్రస్ ఉంది?

కొర్లగుంట_నాన్న

అక్కా... పీలేరుదే. పెళ్ళికి ముందు తీసింది, మార్చుకోలా. కౌంటర్లో కార్డు అడిగితే ఇచ్చేసినాను, వాళ్ళు దాన్ని చూసి టైప్ చేసుకున్నారు. ఇప్పుడు ఎక్కడుంటారు అని వాళ్ళు అడగలా, నేను చెప్పలా. ఆ హడావిడిలో అడ్రస్ గురించి ఎవరికి తడతుంది?

వారం_లెక్క

అదే జరిగింది బ్రదర్. నేను చిత్తూరు వైపు ఒక జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌లో, అంటే జబ్బుల లెక్కల మీద కన్నేసి ఉంచే ఆఫీసులో, కొన్నేళ్ళు డేటా పని చేశాను, ఇప్పుడు వేరే ఉద్యోగం. మీ అబ్బాయి కేసు, జబ్బుల లెక్కలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్లో పీలేరు పేరు మీద పడి ఉంటుంది, పీలేరు టీమ్ వాళ్ళు తమ పని తాము సరిగ్గానే చేశారు, వెళ్ళింది మాత్రం దోమ లేని ఇంటికి. పైగా జిల్లాల విభజన అయ్యాక పీలేరు అన్నమయ్య జిల్లాకి పోయింది, తిరుపతి 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది, కాబట్టి కేసు వీధి మాత్రమే కాదు జిల్లానే మారిపోయింది. తిరుపతిలో కూర్చుని స్క్రీన్ చూసే మనిషికి కొర్లగుంటలో ఏమీ జరగనట్టే.

మీకు నష్టం ఎక్కడ జరిగిందో చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే అడ్రస్‌కి ఎందుకంత విలువో అర్థమవుతుంది. డెంగీ మోసే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, పుట్టిన చోటు నుంచి పెద్దగా దూరం పోదు, మామూలుగా ఆ నాలుగైదు ఇళ్ళ మధ్యే బతికేస్తుంది. జ్వరం ఉన్న మొదటి నాలుగైదు రోజుల్లో అది మీ అబ్బాయిని కుడితే వైరస్ దాని ఒంట్లోకి పోతుంది. కానీ వెంటనే ఇంకొకరికి అంటించలేదు, వైరస్ దాని లాలాజలం దాకా చేరడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. తర్వాత అది ఇంకొకరిని కుడితే వాళ్ళకి జ్వరం రావడానికి మరో నాలుగు నుంచి పది రోజులు. మనకి దొరికే సందు ఆ మొదటి ఎనిమిది రోజులే. ఆ లోపల వీధికి మనుషులు వెళ్ళి నీళ్ళు పారబోయించి, ఇంట్లో పైరెత్రం అనే దోమల మందు పిచికారీ చేస్తే గొలుసు అక్కడే తెగిపోయే అవకాశం ఉంది. ఎదురింటి పాపకి ఎవరి నుంచి వచ్చిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, ఇద్దరికీ ఒకే తొట్టిలో పుట్టిన దోమలు కుట్టి ఉండొచ్చు కూడా. కానీ అడ్రస్ సరిగ్గా పడి ఉంటే ఆ పాపకి జ్వరం రాకముందే మీ సందు ఎవరో ఒకరి చేతిలో ఉండేది.

ఇక మీ అసలు ప్రశ్న, ఎవరు చూస్తారు అని. దేశంలో ఈ ఏర్పాటు 2004లో మొదలయింది, ఐడీఎస్‌పీ అంటారు, జబ్బుల మీద నిఘా పెట్టే కార్యక్రమం. మూడు రకాల సమాచారం వస్తుంది. ఏఎన్ఎం అక్క చెప్పిన ఎస్ ఫారం అనుమానం, డాక్టర్ చూసి ఇది ఫలానా జబ్బులా ఉంది అని రాసేది పీ ఫారం, ల్యాబ్ తేల్చింది ఎల్ ఫారం. 2018 నవంబర్‌లో దీన్ని ఆన్‌లైన్ చేస్తూ మొదట ఏడు రాష్ట్రాల్లో పెట్టారు, వాటిలో మన ఆంధ్ర ఒకటి. ముందు 18 జబ్బులు చూసేవాళ్ళు, ఆన్‌లైన్ చేసినప్పుడు 33కి పెంచారు. జిల్లాలో ఒక ఎపిడెమియాలజిస్టు (జబ్బు ఎక్కడ, ఎట్లా పాకుతుందో చూసే నిపుణుడు), ఒక డేటా మేనేజరు ప్రతి ఉదయం దాన్ని తెరిచి చూస్తారు. చూసేది మొత్తం ఎన్ని అని కాదు. ఇదే వారం పోయిన మూడేళ్ళలో ఐదేళ్ళలో ఈ మండలంలో ఎన్ని వచ్చాయి, ఇప్పుడు ఎన్ని, అది చూస్తారు. ఒక మండలంలో వానాకాలం వారానికి నలభై జ్వరాలు మామూలే అయితే నలభై రెండుకి ఎవరూ ఉలిక్కిపడరు, అదే ఎండాకాలంలో ఐదు రావాల్సిన చోట పదిహేను వస్తే ఫోన్ మోగుతుంది. కొన్నిటికి పాత లెక్కతో పనే లేదు, ఒక్కటి చాలు.

ఆ ఒక్కటి చాలు అనేదానికి పోలియోనే ఉదాహరణ. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోతే, అది పోలియో కాదని డాక్టర్‌కి ఖాయంగా అనిపించినా రాయాల్సిందే, పద్నాలుగు రోజుల్లోపు ఒక రోజు తేడాతో రెండు మలం శాంపిళ్ళు తీయాల్సిందే. ఇంకా కష్టమైనది ఏంటంటే, ఆ వారం ఒక్క కేసూ లేకపోతే 'లేదు' అని కూడా పంపాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది దండగ పని అనుకున్నాను, లేనిదానికి రిపోర్టు ఏంటి అని. మా సీనియర్ ఒక ఎక్సెల్ షీట్ తెరిచి చూపించారు. ఒక గడిలో 0 ఉంది, పక్క గడి ఖాళీ. "సున్నా అంటే అక్కడ ఒకరు వెతికి లేదని చెప్పారు, ఖాళీ అంటే అక్కడ ఏముందో మనకి తెలీదు, జబ్బు ఎప్పుడూ ఆ ఖాళీ గడిలోనే దాక్కుంటుంది" అన్నారు. ఇండియాలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకి. ఆ తర్వాత మూడేళ్ళు దేశమంతా అలా సున్నాలు వెతికి రాసి పంపితేనే 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు.

ఇంకొక దారి కూడా ఉంది, చాలామందికి తెలీదు. 2008 నుంచి ఢిల్లీలో మీడియా చూసే సెల్ ఒకటి పనిచేస్తోంది, వార్తల్లో జబ్బుల కబురు ఏది కనపడినా తీసి ఆ జిల్లాకి పంపి నిజమా కాదా తేల్చమంటారు. "మంచం పట్టిన పల్లె" అని జిల్లా ఎడిషన్‌లో చిన్న ముక్క పడినా మాకు ఫోన్ వచ్చేది, సాయంత్రానికల్లా ఒకరు ఆ ఊళ్ళో ఉండేవాళ్ళు. కాబట్టి మీ ఊరి విలేకరికి చెప్పడం కూడా రిపోర్టు చేయడమే.

కాళాస్తి_ల్యాబ్

పేపర్ లెక్క ఎందుకు తక్కువ ఉంటుంది అన్నారు కదా అన్నా, అది నేను చెప్తా, నేను ల్యాబ్ టెక్నీషియన్ని, మాది శ్రీకాళహస్తి.

ప్రైవేట్‌లో మీ బాబుకి చేసింది కార్డు టెస్టు, అదే కిట్ అంటారు. ఇరవై నిమిషాల్లో గీత వస్తుంది, వైద్యం మొదలుపెట్టడానికి బాగా పనికొస్తుంది. కానీ ప్రభుత్వం దాన్ని అనుమానం కిందే పెట్టుకుంటుంది, ల్యాబులో చేసే ఎలైజా అనే రక్తపరీక్షలో తేలితేనే ఖాయం కేసు కింద లెక్క. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1 ఎలైజా, అది వైరస్ ముక్కనే వెతుకుతుంది, ఆ తర్వాత అయితే ఐజీఎమ్ ఎలైజా, అది వైరస్ మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని వెతుకుతుంది. ఇక్కడే జ్వరం మొదలయిన తేదీ కావాలి. నాకు రోజూ వచ్చే శాంపిళ్ళల్లో సగం వాటి మీద ఆ తేదీ ఉండదు, ఏడో రోజు రక్తంలో ఎన్ఎస్1 వెతికితే ఏం దొరుకుతుంది, చాలాసార్లు నెగెటివ్ వస్తుంది, ఆ మనిషికి డెంగీ లేదని ఇంటికి పంపేస్తారు. ఎలైజా ప్లేటులో తొంభై ఆరు గుంటలు ఉంటాయి, ఒక్క శాంపిల్ కోసం ప్లేటంతా పాడుచేయలేం కాబట్టి కొన్ని జమ అయ్యాక పెడతాం, దాంతో ఒకటి రెండు రోజులు ఆలస్యం కూడా అవుతుంది. మన దగ్గర పెద్ద ప్రభుత్వ మెడికల్ కాలేజీ ల్యాబులకి పంపిస్తారు. ప్రైవేట్ వాళ్ళు ఎలైజా కోసం ఇంకో శాంపిల్ పంపకపోతే మీ బాబు కేసు ఖాయం లెక్కలోకి ఎక్కదు. దాచిపెట్టారు అని కోప్పడే ముందు ఇది కూడా ఆలోచించండి, చాలాసార్లు అది ఎవరూ పంపని శాంపిల్.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యం. డెంగీ నెగెటివ్, మలేరియా నెగెటివ్, టైఫాయిడ్ నెగెటివ్, కానీ జ్వరం తగ్గదు, ప్లేట్‌లెట్లు కూడా తగ్గుతా ఉంటాయి, ఇలాంటివి మన కొండల పక్క ఊళ్ళ నుంచి వానలు పడ్డాక, చలికాలం మొదట్లో వస్తాయి. అలాంటప్పుడు డాక్టర్లు బట్టలు తీసి చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ కింద చూస్తారు, సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్ల పెచ్చు ఉంటుంది. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి పేషెంటుకే తెలీదు. తొందరగా కనుక్కుంటే డాక్సీసైక్లిన్ లాంటి చవక మందుతో తగ్గిపోతుంది, ఆలస్యం అయితే ఊపిరితిత్తులు, కిడ్నీలు దాకా పోతుంది. మన ప్రాంతంలో ఇది ఉందని డాక్టర్లకి ఎట్లా తెలిసింది? నెగెటివ్ వచ్చిన జ్వరాలని కూడా పారేయకుండా రాసి, ఇవన్నీ ఏంటి అని వెతకబట్టే. నెగెటివ్ రిపోర్టు చింపేయకండి, తర్వాత ఆసుపత్రికి పోతే పట్టుకుపోండి.

జీవకోన_7

అందరూ బాగానే చెప్తా ఉన్నారు, నాకు మాత్రం ఒక భయం ఉంది, అడిగేస్తాను. మా అన్నకి టీబీ వచ్చినప్పుడు పేరు, ఫోన్ నంబరు, అడ్రస్ అన్నీ రాసుకున్నారు. తర్వాత ఇంటికి ఒకరు వచ్చి వీధిలో నిలబడి గట్టిగా "టీబీ పేషెంటు ఇల్లు ఇదేనా" అని అడిగినారు. మా వదిన ఆ రోజు ఏడ్చిన ఏడుపు నాకు గుర్తుంది, రెండిళ్ళ వాళ్ళు పిలకాయల్ని మా ఇంటికి పంపడం మానేసినారు. ఇట్లా అయితే జనం నిజం ఎందుకు చెప్తారు?

ఏఎన్ఎం_అక్క

తప్పు ముమ్మాటికీ అడిగినోళ్ళదే. ఆ మాట వీధిలో అనకూడదు. నేను కొత్తగా వచ్చే పిలకాయలకి మొదటి రోజే చెప్తాను, గేటు బయట జబ్బు పేరు నోట్లోంచి రాకూడదు, పేరు పెట్టి పిలవండి, లోపలికి పోయి కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, అప్పుడు మాట్లాడండి అని. మీ వదినకి జరిగింది చదివితే కడుపులో దేవినట్టయింది. అట్ల ఎవరన్నా చేస్తే పీహెచ్‌సీ డాక్టర్‌కి రాసి ఇవ్వండి, మొహమాటపడొద్దు.

వారం_లెక్క

జీవకోన బ్రదర్, మీ కోపం న్యాయమే. పేరు తెలియాల్సింది వైద్యం చేసేవాళ్ళకి, ఇంటికి వచ్చేవాళ్ళకి మాత్రమే. పైకి పోయే లెక్కలో వయసు, ఆడా మగా, ఊరు, తేదీ చాలు. హెచ్ఐవీకి అయితే 2017 చట్టం ఉంది, మామూలుగా ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని. టీబీకి పేరు ఎందుకు తీసుకుంటారంటే మందులు నెలల తరబడి వాడాలి, మధ్యలో ఆపితే మందుకి లొంగని టీబీ అవుతుంది, ఆపినవాళ్ళని వెతికి పట్టుకోవాలంటే పేరూ అడ్రస్సూ కావాలి. 2012 మే నుంచి ప్రైవేట్ డాక్టర్లు కూడా టీబీ కేసు చెప్పి తీరాలి. అంతకుముందు ప్రైవేట్‌లో మందులు వాడేవాళ్ళు ఎంతమందో ప్రభుత్వానికి తెలిసే దారే ఉండేది కాదు.

ప్రైవేట్ వాళ్ళు చెప్పరులే అని అందరం అనుకుంటాం కదా, మన పక్కనే ఉన్న వెల్లూరులో ఎప్పుడో చేసి చూపించారు. 1980ల్లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్ టి. జాకబ్ జాన్ గారు అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా అంతటా పోస్టుకార్డులతో ఈ పని నడిపారు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేట్ డాక్టరైనా అనుమానం కేసు చూడగానే కార్డు మీద రాసి పోస్టు డబ్బాలో వేయడమే. వాళ్ళకి తిరిగి జిల్లాలో ఏం జరుగుతోందో చెప్పే బులెటిన్ అందేది, అందుకే రాసేవాళ్ళు. నా ఉద్దేశంలో ఇప్పటి పోర్టల్‌లో ఆ ఒక్కటే లోటు. సమాచారం పైకి పోతుంది, ఇచ్చినవాడికి తిరిగి కబురు రాదు. కొర్లగుంట ఆయన అడిగిన ప్రశ్న అదే కదా, రాసుకుపోయి ఏం చేస్తారు అని. వార్డు సచివాలయం బోర్డు మీద ఈ వారం మన వార్డులో ఇన్ని జ్వరాలు, ఇన్ని ఇళ్ళల్లో లార్వా (నీళ్ళల్లో ఉండే దోమ పిల్ల పురుగు) అని చాక్‌పీస్‌తో రాసినా చాలు, ఆ తర్వాత ఏఎన్ఎం మేడమ్ తలుపు కొడితే జనం ఇంకోలా మాట్లాడతారు.

అక్కా, మీకు ఒకటి చెప్పాలి. కోవిడ్ అప్పుడు మీరంతా కాంటాక్టులు రాశారు కదా, ఎండలో ఇల్లిల్లూ తిరిగి. ఆంధ్ర, తమిళనాడు కలిపి 84,965 కేసులు, వాళ్ళతో మెలిగిన 5,75,071 మంది వివరాలు తీసి చూసిన పరిశోధన 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. పాజిటివ్ వచ్చినవాళ్ళలో పదింట ఏడుగురి నుంచి వాళ్ళ కాంటాక్టుల్లో ఒక్కరికీ సోకినట్టు కనపడలేదని, కొద్దిమంది నుంచే ఎక్కువమందికి పోయిందని దాంట్లో తేలింది. అది మీ చేతి రాత.

ఏఎన్ఎం_అక్క

నాకు ఇది ఇంతవరకూ ఎవరూ చెప్పలా సార్. ఆ రోజుల్లో మాస్కు లోపల చెమట కారిపోతా, ఇళ్ళవాళ్ళు కిటికీలోంచే మాట్లాడతా ఉంటే రాసినాం. మా పిల్లలకి చూపిస్తాను ఈ మాట.

చిత్తూరు_బుజ్జి

దోమల గురించే మాట్లాడతా ఉన్నారు, నీళ్ళ గురించి నేను ఒకటి చెప్తాను. మాది చిత్తూరు దగ్గర పల్లె. కొన్నేళ్ళ కింద జాతర అయిన మూడో రోజు వాంతులు విరేచనాలు మొదలయినాయి, అందరం జాతర భోజనం అనే అనుకున్నాం, వంట చేసినాయన్ని తిట్టని మనిషి లేడు. పీహెచ్‌సీ నుంచి వచ్చిన సూపర్‌వైజర్ సార్ మాత్రం ఏమీ అనకుండా నోటుబుక్కులో ఊరి బొమ్మ గీసుకున్నాడు, వీధులు, కుళాయిలు, కాలవ. కేసు ఉన్న ఇంటి మీద చుక్క పెట్టినాడు. జాతరలో తిన్నారా అని ఒకటే అడగలా, జబ్బు రానివాళ్ళని కూడా అడిగినాడు! "బాగుండేవాళ్ళని అడిగితే ఏం వస్తుంది సార్" అంటే నవ్వి ఊరుకున్నాడు. చూస్తే రెండు వైపులవాళ్ళూ తిన్నారు, చుక్కలు మాత్రం ఊరికి దిగువన ఒకే పైపు మీద ఉండే వీధిలోనే పడినాయి. ఆ పైపు ఎంబడి నడిచి పోతే ఒక తావ మురుగు కాలవ కింద జాయింటు ఊడి ఉండాది. నీళ్ళు వదిలినంత సేపూ బయటికి కారతాయి, ఆపేసినాక ఆ మురుగంతా లోపలికి లాక్కుంటుంది. మా ఇంటి కుళాయి నీళ్ళు గాజు గొట్టంలో పట్టి రెండు చుక్కలు మందు వేసినాడు, పసుపు రంగుకి మారాలంట, రంగే రాలా. అంటే క్లోరిన్ లేదు. చివరి కుళాయిలో కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములు ఉండాలంట. ఆ సాయంత్రమే పైపు కట్టేసి ట్యాంకర్ పెట్టినారు. వంటాయన దగ్గరికి పోయి మా పెద్దాయన చేతులు పట్టుకున్నాడు.

కొర్లగుంట_నాన్న

అందరికీ చేతులెత్తి దండం పెడతా ఉండాను. ఈరోజు పొద్దున ఆసుపత్రికి పోయి అడ్రస్ మార్చమని అడిగినాను, రికార్డులో మార్చి మళ్ళీ పంపుతాం అన్నారు. జ్వరం మొదలయిన తేదీ కూడా చేర్చినారు, అది లేదంట దాంట్లో. మా వార్డు ఏఎన్ఎం మేడమ్‌కి కూడా ఫోన్ చేసి మూడిళ్ళ సంగతి చెప్పినాను.

అక్కా, ఒకటి అడగాలి. మా ఇంట్లో సంపుకి మూత ఉంది, నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి డ్రమ్ములు రెండు, వాటికీ మూతలే. మరి దోమ యాడ పుడతా ఉంది?

ఏఎన్ఎం_అక్క

తమ్ముడూ, మూత ఉన్న డ్రమ్ముని నమ్మొద్దు, చెయ్యి పట్టేంత సందు ఉన్నా దోమకి అది తలుపే. మేం నూరు ఇళ్ళు చూసి ఏడు ఇళ్ళల్లో లార్వా దొరికితే ఆ వార్డు హౌస్ ఇండెక్స్ ఏడు అంటాం, ఐదు దాటితే ప్రమాదమే. ఆ నూరు ఇళ్ళల్లో ఎన్ని గిన్నెల్లో, తొట్లల్లో దొరికిందో అది బ్రెటూ ఇండెక్స్. ఈ లెక్క జ్వరం రాకముందే చెప్తుంది, అందుకే నాకు జ్వరాల లెక్క కంటే ఇదంటేనే నమ్మకం.

రెండేళ్ళ కింద మా వార్డులో ఒక వరసలో నాలుగు కేసులు. నాలుగిళ్ళూ వెతికినాం, సంపులు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింద పళ్ళాలు, మిద్దె మీద టైరు, ఏదీ లేదు. కాగితం మీద ఇళ్ళు గీసి చూస్తే నాలుగిటికీ వెనక గోడ ఒకటే, ఆ గోడ అవతల తాళం వేసిన ఇల్లు. ఓనరు బెంగళూరులో ఉంటాడు. ఆయనకి ఫోన్ చేసి, పక్కింటి వాళ్ళ దగ్గర తాళంచెవి ఉంటే తీయించి పోయినాం. పెరట్లో వేపచెట్టు కింద పాత రాతి రోలు. వాననీళ్ళు నిండి, పైన వేపాకులు తేలతా ఉండాయి. ఆకులు పక్కకి తోసి టార్చి వేసినాను. నీళ్ళు అద్దంలాగ తేటగా ఉండాయి, పైన తలకిందులుగా వేలాడతా ఉన్న పురుగులు నా నీడ పడతానే వంకర్లు తిరగతా అడుక్కి దిగిపోయినాయి, వంద పైనే ఉంటాయి. నలుగురు మంచం పట్టింది ఆ ఒక్క రోలుకే. నీళ్ళు వొంపేసి, లోపల బ్రష్‌తో గీకించినాను. ఆ దోమ గుడ్లు రాయికి అంటుకుని తడి లేకపోయినా నెలలు బతుకుతాయి, ఒట్టిగా వొంపితే మళ్ళీ వాన పడినప్పుడు పొదుగుతాయి. తర్వాత దాన్ని బోర్లా తిప్పించడానికి ముగ్గురు మనుషులు కావాల్సొచ్చింది.

మీ సందులో తాళం వేసిన ఇళ్ళు ఏమన్నా ఉన్నాయా?

కొర్లగుంట_నాన్న

ఉందక్కా. ఎదురింటి పక్కనే, సగం కట్టి ఆపేసినారు. కింద నీళ్ళ తొట్టి కట్టినారు, సిమెంటు పనికి. మావాడు బాలు పడితే దాంట్లోకి దూకి తెచ్చుకునేవాడు.

ఏఎన్ఎం_అక్క

అదే అయ్యుండొచ్చు. ఈ మాట మీ వార్డు మేడమ్‌కి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, శుక్రవారం డ్రై డే, అదే నిలవ నీళ్ళు పారబోసే రోజు, దాకా ఆగొద్దు. నీళ్ళు తోడేసే వీలు లేకపోతే లార్వాని చంపే అబేట్ మందు గానీ, వాటిని తినే గంబూసియా చేపలు గానీ వేస్తారు. మీ ఎదురింటి పాప వాళ్ళని, మూలింటి వాళ్ళని కూడా రేపు పొద్దున ఇంట్లో ఉండమనండి, ఏ రోజు జ్వరం మొదలయిందో గుర్తు చేసుకుని చెప్పమనండి.

కొర్లగుంట_నాన్న

చేసేసినా అక్కా. ఎనిమిదింటికి వస్తానన్నారు. మా ఆవిడ రెండిళ్ళకీ పోయి ముగ్గురి తేదీలూ కాగితం మీద రాసి పెట్టింది.